సభ్యురాలు రెండు, ఆసనం వంటింటి కిటికీ

మా ఆవిడ కనకవల్లి పోయిన రోజు మధ్యాహ్నమే మా కొత్త ఇంటి సంకేత ప్రణాళికకు ఆమోదం వచ్చింది. నగర పంచాయతీ అటెండరు కాగితం పట్టుకుని మా అద్దె ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చేతులు జోడించి కొంతసేపు నిలబడ్డాడు. తరవాత నా పక్కకు వచ్చి, "ముట్టినట్టు ఒక సంతకం కావాలి మాస్టారూ. ఇయ్యాళ తప్పితే మళ్లీ సోమవారమే" అన్నాడు మెల్లగా. పెట్టాను. ఆ కాగితంలో 'కుటుంబ సభ్యులు: ఇద్దరు' అని ఉంది. అది ఆ రోజు పొద్దున ఆరు గంటల దాకా నిజం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మాకు పిల్లలు లేరు, ఇంట్లో మేమిద్దరమే. పందొమ్మిదేళ్లు అద్దె ఇళ్లలో గడిపి, ఊరి చివర సాయిబుల తోటలో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టాం. గోడలు లేచాయి, శ్లాబు పడింది. ఇక పూత పని మొదలవుతుందనగా నగర పంచాయతీలో గృహ సంకేత విభాగం అనే కొత్త విభాగం పుట్టింది. సంకేతం అంటే మనం సిగ్నల్ అనేదే.

దీనికి మూలం మంచి మాటే. ఎవరో పెద్దాయన ఏదో సదస్సుకు వెళ్లి, ఇల్లు కట్టేటప్పుడే ఇంటర్నెట్ సంగతి ఆలోచించుకుంటే తరవాత గోడలు పగలగొట్టే పని ఉండదని విని వచ్చారు. టీవీ, బల్ల మీది కంప్యూటరు లాంటి కదలని వాటికి తీగ. చేత్తో పట్టుకుని తిరిగేవాటికి వైఫై. పూతకు ముందే గోడలో రెండు ఖాళీ పైపులు వేసి ఉంచుకోవాలి. ఇంతే. మా ఎలక్ట్రీషియన్ బాజీ ఈ సంగతంతా సిమెంటు బస్తా చింపి దాని మీద గీసి, పది నిమిషాల్లో మాకు చెప్పాడు. విభాగం దాన్నే నూట అరవై పేజీల నియమావళిగా చెప్పింది.

అందులో ముఖ్య సూత్రాలు రెండు. ఇంట్లో సంకేతం అందని మూల ఉండరాదు. ఇంటి సంకేతం వీధిలోకి వృథాగా పోరాదు. గోడలు సంకేతాన్ని ఆపుతాయి కాబట్టి లోపలి గోడలు తగ్గించాలి. కిటికీలు సంకేతాన్ని వదిలేస్తాయి కాబట్టి బయటి కిటికీలు తగ్గించాలి. అనుబంధంలో ఆదర్శ గృహం బొమ్మ కూడా వేశారు. కనకవల్లి ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "పొగాకు గోదాములా ఉందండీ. మనం మనుషులం కాకుండా బేళ్లమైతే హాయిగా ఉండొచ్చు" అంది.

ఆమె ఆ ఇంట్లో కోరింది ఒక్కటే. వంటింటికి వీధివైపు నాలుగడుగుల కిటికీ, దానికి మనిషి కూర్చునేంత వెడల్పు గట్టు. అద్దె ఇళ్లలో ఆమెకు దొరికిన వంటిళ్లన్నీ పక్కవాళ్ల వెనక గోడనే చూసేవి.

నియమావళిలోని నాలుగో నమూనా ప్రకారం, ఇంట్లో ప్రతి సభ్యుడూ ఎక్కడ కూర్చుంటాడో, ఎప్పుడు, ఎందుకో ముందే ప్రకటించాలి. కూర్చునే చోటును విభాగం 'ఆసనం' అంటుంది. నా వరసలో 'ముందు గది, బల్ల దగ్గర, పేపర్లు దిద్దడం' అని రాశాను. కనకవల్లి తన వరస తానే నింపింది. ఆసనం: వంటింటి కిటికీ గట్టు. సమయం: సాయంత్రం. ఉద్దేశం: చిక్కుడుకాయలు ఒలవడం, వీధిలో పోయేవాళ్లతో మాట్లాడటం. బరువు అనే గడి కూడా ఉంది. యాభై ఎనిమిది కిలోలని రాసి, "ఇదెందుకండీ వాళ్లకి, నన్నేమైనా మోసుకెళ్తారా?" అంది.

అంత పెద్ద కిటికీ కుదరదని విభాగం మొదట కాగితం తిప్పి పంపింది. తరవాత వాళ్లే దారి చూపించారు. మనిషి దేహం సంకేతాన్ని పీల్చుకుంటుందట. 'కిటికీ ద్వారా వెలుపలికి పోవు సంకేతములో గణనీయ భాగమును గట్టుపై ఆసీనురాలగు సభ్యురాలు అడ్డగించును గనుక, సదరు కిటికీ అనుమతించడమైనది' అని ఆమోద పత్రంలో రాశారు. అంటే ఆ కిటికీకి అనుమతి కనకవల్లి మీద ఆధారపడి వచ్చింది.

పెద్దకర్మ అయిన మరునాడు మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని విభాగానికి వెళ్లాను. పర్యవేక్షణాధికారి పుండరీకాక్షయ్యగారు మర్యాదస్తులు. విషయం చెప్పగానే లేచి నిలబడి, "విభాగం తరఫున ప్రగాఢ సానుభూతి" అని మళ్లీ కూర్చున్నారు.

"మరణం ప్రణాళిక ఆమోదానికి పూర్వమా, అనంతరమా?"

"అదే రోజండీ. పొద్దున ఆరింటికి."

ఆయన ఫైలు తిరగేశారు. "నేను ఆమోదించింది పదకొండున్నరకు." వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకున్నారు. "అంటే శ్రీమతిగారు మరణానంతరం సభ్యురాలయ్యారు. మా విభాగ చరిత్రలో ఇది ప్రథమం."

విభాగం పుట్టి అప్పటికి నాలుగు నెలలు.

"ఆమె పేరు తీసేస్తారా సార్?" అని అడిగాను.

"మేముగా తీయం. మీరు సవరణ దరఖాస్తు ఇవ్వాలి. సభ్యురాలు తొలగినచో ఆసనం తొలగును. ఆసనం తొలగినచో కిటికీకి ఆధారం తొలగును. అప్పుడు కిటికీని ఇటుకతో మూసివేయవలసి ఉంటుంది."

"దరఖాస్తు ఇవ్వకపోతే?"

"సభ్యురాలు గట్టుపై ఆసీనురాలై ఉన్నట్టే విభాగం భావిస్తుంది."

"మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చానండీ."

"చూశాను. చాలా చక్కగా ఉంది. కాని మరణం జనన మరణాల విభాగం వారి విషయం మాస్టారూ. వారిది పక్క గది. మాది ఆసనం మాత్రమే."

సైటుకు తిరిగి వచ్చి బాజీకి, తాపీ మేస్త్రి సైదులుకు ఈ సంగతి చెప్పాను. సైదులు అప్పుడే ఆ కిటికీ గట్టు నున్నగా దిద్ది తడుపుతున్నాడు.

"మూయటం ఏంది!" అన్నాడు బాజీ. "అమ్మగారు ఆ కిటికీ నాతో మూడుసార్లు కొలిపించింది. మొదటిసారి ఒక అంగుళం తక్కువొచ్చిందని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మీరు ఆ దరఖాస్తు ఇయ్యమాకండి మాస్టారూ."

"ఇస్తే ఇయ్యండి, నాకేం," అన్నాడు సైదులు తల ఎత్తకుండా. "ఇటికలు పేర్చటానికి మాత్రం ఇంకో మేస్త్రిని చూసుకోండి."

నేను దరఖాస్తు ఇవ్వలేదు. అబద్ధం ఏదీ రాయలేదు కూడా.

నెల తిరగకుండా మొదటి పరీక్ష జరిగింది. మా ఇంట్లో కనెక్షన్ లేదు కాబట్టి పుండరీకాక్షయ్యగారు తన రౌటరును, బ్యాటరీని సంచిలో తెచ్చుకున్నారు. దాన్ని ఒక సిమెంటు బస్తా మీద పెట్టి, చేతిలో కొలిచే పరికరంతో మూలమూలా తిరిగారు. ప్రతి మూలలో ఒక అంకె చదివితే, వెనక నడుస్తున్న అటెండరు "రాశానండీ" అనేవాడు. అటక దగ్గర నిచ్చెన వేయించుకుని ఎక్కారు.

"అటకపై సంకేతం శూన్యం. ఇక్కడొక తీగ పాయింటు అవసరం."

"అటక మీద ఎవరు కూర్చుంటారండీ?" అన్నాడు బాజీ.

"ఆవకాయ జాడీ దించు సందర్భంలో సభ్యుడు అటకపై సగటున నాలుగు నిమిషాలు గడుపును. ఆ నాలుగు నిమిషాలు అతడు ప్రపంచంతో సంబంధం కోల్పోవాలా?"

"జాడీ చేతిలో ఉంటే ఫోను దేంతో పట్టుకుంటాడండీ?"

అధికారి ఒక్క క్షణం ఆలోచించి కిందికి చూశారు. "రెండు పాయింట్లు" అన్నారు.

అలాగే స్నానాల గదిలో మూడు, మెట్ల కింద ఒకటి, తులసి కోట దగ్గర ప్రదక్షిణ మార్గంలో నాలుగు పాయింట్లు పడ్డాయి. మొత్తం ముప్ఫై ఒకటి. ఒక్కొక్క పాయింటుకూ గోడలో గాడి కొట్టాలి, గాడిలో పైపు వేయాలి. బాజీ వారం రోజులు గాళ్లు కొట్టాడు. సైదులు ముందు గది గోడ ఎదుట నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇది నేను కట్టిన గోడేనా మాస్టారూ? అవతలోళ్లు ఏం కూర వండుకున్నారో కనపడతా ఉంది."

వైఫై పెట్టె మాత్రం ఇంటికి సరిగ్గా నడుమ ఉండాలట. ఆ నడుమ ఎక్కడో గుణించి ఇవ్వమని నన్నే అడిగారు. పొడవు, వెడల్పు, ఎత్తు తీసుకుని లెక్క కట్టి ఇచ్చాను. అది హాలుకూ వంటింటికీ మధ్య గుమ్మంలో, నేలకు అయిదడుగుల రెండంగుళాల ఎత్తున, గాలిలో తేలింది. రెండంగుళాలు అటూ ఇటూ జరపవచ్చా అని అడిగితే, లెక్కల మాస్టారు అయి ఉండి అలా అడగడం తగదన్నారు. శ్లాబు నుంచి ఇనప కడ్డీ దించి, దాని చివర పెట్టె బిగించమన్నారు.

సైదులు అడ్డం తిరిగాడు. "అది బ్రహ్మస్థానం సార్. అక్కడ స్తంభం కూడా పెట్టం. ఇనుము వేలాడదీస్తే ఆ ఇంట్లో మడిసికి కుదురుంటదా?"

"సంకేతమునకు దిక్కులు లేవు, స్థానములు లేవు" అన్నారు పుండరీకాక్షయ్యగారు. అంటూనే వంటింట్లోకి నడిచి, బాజీ అప్పుడే బిగించిన పెట్టెకు నుదురు కొట్టుకున్నారు. కొంతసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"ఎత్తు సరిగానే ఉంది. రాసుకో" అన్నారు అటెండరుతో.

"రాశానండీ. మందేమన్నా తెమ్మంటారా?"

"అది రాయకు."

తుది పరీక్ష వేసవి సెలవుల్లో పెట్టారు. ఇంట్లో సామాను సర్దిన తరవాత గాని ఆ పరీక్ష చేయరు, ఎందుకంటే సామాను కూడా సంకేతాన్ని మింగుతుంది. పరీక్ష నెగ్గిన తరవాత గాని మనిషి ఇంట్లో చేరకూడదు. అందుకని సామాను అంతా కొత్త ఇంటికి పంపి, నేను మాత్రం అద్దె ఇంట్లో చాప, చెంబు పెట్టుకుని పది రోజులు ఉన్నాను. కనకవల్లి స్టీలు సామాను బాజీ, నేను కలిసి వంటింటి అరల్లో సర్దాం. ఏది ఏ అరలో ఉండాలో నాకు తెలియదు. పెద్దవి కింద, చిన్నవి పైన పెట్టాం.

అధికారి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లారు. ఈసారి గుమ్మంలో వంగారు. కిటికీ గట్టు ఖాళీగా ఉండటం చూశారు.

"రెండో సభ్యురాలు ఆసనంలో లేరు."

"చనిపోయిందండీ. మీకు మనవి చేశాను."

"జ్ఞాపకం ఉంది. కాని ఇది తుది పరీక్ష. ఆసనం ఖాళీగా ఉంటే కిటికీ నిలవదు. సభ్యురాలు ఈ గృహంలో నివసిస్తున్నట్టు ఏదైనా నిదర్శనం ఉందా?"

"లేదండీ."

నాకు తెలిసినంతలో అది సరైన జవాబు. బాజీ నా చెయ్యి పట్టుకుని గిల్లాడు. నేను ఆ జవాబు మార్చలేదు. సైదులు లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. అక్కడ ఇంకా వంద ఇటుకలు మిగిలి ఉన్నాయి. వాటి మీద కూర్చున్నాడు.

అధికారి ఫైలు తీసి, 'కిటికీ మూసివేయవలెను' అని రాయడానికి కలం మూత తీశారు. ఇంతలో ఆయనకు ఎదురుగా ఉన్న అర మీద స్టీలు సామాను కనిపించింది. లోహ వస్తువులు సంకేతాన్ని వెనక్కి కొడతాయి కాబట్టి వాటినీ లెక్కించాలన్నారు. అటెండరు ఒక్కొక్క గిన్నె తీసి, తిప్పి, అడుగు చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

"గిన్నె ఒకటి. కనకవల్లి. గిన్నె రెండు. కనకవల్లి. టిఫిను డబ్బా. కనకవల్లి. నూనె జారీ. కనకవల్లి..."

స్టీలు సామాను కొన్నప్పుడల్లా కొట్లో పేరు కొట్టించడం ఆమె అలవాటు. మన ఇళ్లలో అందరి అలవాటే. ఒక్క గరిటె కొన్నా, కాడ మీద చుక్కలు చుక్కలుగా పేరు పడేదాకా కొట్టువాణ్ణి వదిలేది కాదు. అటెండరు చదువుతూనే ఉన్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. ఆ పేరు నూట పద్నాలుగుసార్లు విన్నాను.

లెక్క పూర్తయ్యాక పుండరీకాక్షయ్యగారు కలానికి మూత పెట్టారు.

"మాస్టారూ, మీరిచ్చిన మరణ పత్రం ఒకటి. ఈ నివాస నిదర్శనాలు నూట పద్నాలుగు. ఒకటి ఎక్కువా, నూట పద్నాలుగు ఎక్కువా? మీరే చెప్పండి."

అంకెల వరకే అడిగారు కాబట్టి, నూట పద్నాలుగే ఎక్కువ అన్నాను.

"సభ్యురాలు నివాసి అని విభాగం నిర్ధారించడమైనది" అన్నారాయన. వాకిట్లో సైదులు ఇటుకల మీది నుంచి లేచాడు.

"ఇంకొకటి ఉందండీ," అన్నాడు అటెండరు మూల నుంచి ఒక లోతు గిన్నె తీసి. "దీని మీద భ్రమరాంబ అనుంది."

అధికారి నావైపు తిరిగారు. "ఈ భ్రమరాంబ ఎవరు?"

"మేం రెండు ఇళ్ల కిందట అద్దెకున్నప్పుడు పక్కింటావిడండీ. పులిహోర పంపింది. గిన్నె తిరిగి ఇవ్వడం మరిచిపోయాం."

"ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

"పదకొండేళ్లుగా నివాసంలో ఉన్న సభ్యురాలిని నాలుగో నమూనాలో దాచిపెట్టారా! మీ వంటివారి వద్ద ఇది ఆశించలేదు."

"వాళ్లు చిలకలూరిపేటలో ఉన్నారండీ ఇప్పుడు."

"అది ఆవిడ ఇష్టం. ఆసనం ఇక్కడ ఉండాలి." ఇల్లంతా కలియజూశారు. "అటకపై రెండు పాయింట్లు ఉన్నవి గదా. సభ్యురాలు మూడు, భ్రమరాంబగారు, ఆసనం అటక. రాసుకో."

"రాశానండీ. బరువు?"

అధికారి గిన్నెను చేత్తో ఎత్తి చూసి, "ముప్పావు కిలో" అన్నారు.

ఇక మిగిలింది ఒకటే చిక్కు. రెండో సభ్యురాలు నివాసి అయినా, గట్టు మీద లేరు కాబట్టి సంకేతం వీధిలోకి పోతోంది. దానికి కూడా నియమావళిలో ఉపాయం ఉంది. మనిషి దేహంలో ఎక్కువ భాగం నీరే. అందువల్ల 'సభ్యురాలు ఆసనమందు లేని వేళల తత్సమాన జలభారమును గట్టుపై నిలుపవలెను.' యాభై ఎనిమిది కిలోలంటే యాభై ఎనిమిది లీటర్లు. బిందెకు పద్నాలుగు చొప్పున నాలుగు బిందెలు, పైన రెండు లీటర్ల చెంబు. అన్నింటి మీదా కనకవల్లి పేరుంది. బాజీ నింపి తెచ్చి గట్టు మీద వరసగా పెట్టాడు. అధికారి కిటికీ అవతల వీధిలోకి వెళ్లి కొలిచి, "సభ్యురాలు సంతృప్తికరంగా ఉన్నారు" అని సంతకం చేశారు.

మరో వారానికి మా గుమ్మానికి 'సంపూర్ణ సంకేత గృహం' అనే ఇత్తడి పలక వచ్చింది. ఊళ్లో అదే మొదటిది. పక్క ఊళ్ల విభాగాల వాళ్లు జట్లు జట్లుగా చూడటానికి వచ్చారు. అందరూ హాల్లోంచి వంటింట్లోకి వెళ్లేటప్పుడు నుదురు పట్టుకుని, ఎత్తు చాలా ఖచ్చితంగా ఉందని మెచ్చుకున్నారు. ఒకాయన మాత్రం, నెట్ వేగం ఎంత వస్తోందని అడిగాడు. కనెక్షన్ లేదని చెప్పాను. మా తోటలోకి ఇంకా కేబుల్ రాలేదు, స్తంభాలు కూడా పడలేదు. ఆ ప్రశ్న తమ పరిధిలోకి రాదని పుండరీకాక్షయ్యగారు ఆయనకు నచ్చజెప్పారు.

బిందెల నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు. అది ఇప్పుడు నా పని. మొదటి సాయంత్రం ఆకుకూరలు అమ్మే రోశమ్మ గంప దించి కిటికీ దగ్గర ఆగింది. ఇల్లు కడుతున్నప్పుడు కనకవల్లి ఇంకా పూత పడని ఆ గట్టు మీద గోనెపట్టా వేసుకుని కూర్చుని, ఆమెతో తోటకూర బేరం ఆడేది.

"ఏంది సారూ ఈ బిందెల వరస? చలివేంద్రం పెట్టారా?"

"ఆఫీసు వాళ్లు పెట్టమన్నారమ్మా."

"ఆళ్లకి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చింది! ఆ చెంబు ఇటివ్వండి." తాగి, మూతి తుడుచుకుని, చెంబు మీది పేరు మీద వేలు పెట్టి, "మీ ఆవిడ పేరేనా? నాకు చదవరాదులే. కట్టకి అయిదు కాడలు ఎక్కువ వేయించుకునేది, మహాతల్లి. మీకు అట్టా కుదరదు, ముందే చెప్తన్నా" అంది.

ఇప్పుడు పూలమ్మి వస్తుంది, బడి నుంచి వచ్చే పిల్లలు వస్తారు, గేదెలు తోలుకుపోయే వీరస్వామి వస్తాడు. నీళ్లు తాగుతారు, నాలుగు మాటలు చెబుతారు. పొద్దు వాలేసరికి చెంబుతో పాటు మూడో బిందె కూడా అడుగంటుతుంది. అప్పుడు సభ్యురాలి బరువు పద్నాలుగు కిలోలే. అధికారి ఆ వేళకు తనిఖీకి రారు.

ఇక స్వీయ ప్రకటన సంగతి. మూడు నెలలకోసారి గృహస్థు ఒక కాగితం నింపి ఇవ్వాలి. ప్రతి సభ్యుడికీ ఒక గడి. 'పై సభ్యులు ఆసనంలో ఉన్నారా? అవును లేదా కాదు' అని ఉంటుంది. దాన్ని పుండరీకాక్షయ్యగారే స్వయంగా తెచ్చి ఇచ్చారు. గట్టు దగ్గర నిలబడి ఒక గ్లాసు నీళ్లు తాగారు.

"అవును అని గీసెయ్యండి మాస్టారూ. ఎవ్వరూ వచ్చి అడగరు."

"లేని మనిషిని ఉందని రాయలేనండీ."

"అయితే కాదు అని గీయండి. కాని అప్పుడు సైదులును పిలవక తప్పదు."

"అదీ రాయలేనండీ."

ఆయన బిందెలవైపు చూశారు. "మూడో గడి లేదు" అన్నారు. ఆ మాట ఆఫీసులో మాట్లాడినట్టుగా అనలేదు. గ్లాసు గట్టు మీద పెట్టి, వంగి గుమ్మం దాటి వెళ్లిపోయారు.

గడువు దాటితే గుర్తు చేస్తూ ఉత్తరం వస్తుంది. ఇప్పటికి అయిదుసార్లు వచ్చింది. ప్రతిసారీ రెండు కవర్లు, ఒకటి నా పేరున, ఒకటి శ్రీమతి కనకవల్లి గారి పేరున. ఆమె కవర్లు నేను విప్పలేదు. నా వరసలో అవును అని గీశాను. భ్రమరాంబగారి వరసలో, ఆవిడ చిలకలూరిపేటలో క్షేమంగా ఉన్నారని రాశాను. రెండో వరస ఇంకా నింపలేదు.